ఇంట్లోనే ఉంటాను కదా, కుక్కపిల్లని తెచ్చుకోనా?

మా వాటా వీధి తలుపుకి లోపలివైపు, కింద నుంచి రెండు జానల ఎత్తు దాకా గోళ్ళ గీతలున్నాయి. రెండుసార్లు రంగు వేయించాం. అయినా పొద్దున్నే ఏటవాలుగా ఎండ పడితే బయటపడతాయి. 2022 ఫిబ్రవరి నాటివి అవి. గీసినవాడు బూరె. ఒంటి రంగు చూసి మా ఆవిడ పెట్టిన పేరది. 2020 నవంబరులో, ఇద్దరం ఇంటి నుంచే ఉద్యోగాలు వెలగబెడుతున్న రోజుల్లో, రెండు నెలల పిల్లగా మా ఇంటికి వచ్చాడు.

మొన్న నిజాంపేట నుంచి మా తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. "పెదనాన్నా, నాకిప్పుడు వారమంతా వర్క్ ఫ్రమ్ హోమే. ఎలాగూ ఇంట్లోనే పడుంటున్నాను కదా, ఓ కుక్కపిల్లని తెచ్చుకోనా?" అంది. నా చూపు ముందు ఆ తలుపు మీదికే వెళ్ళింది. "ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నాను కదా" అని అప్పట్లో నేనూ అన్నాను. తిరకాసంతా ఆ మాటలోనే ఉంది. ఫోన్‌లో తేలే సంగతి కాదు కాబట్టి ఆ అమ్మాయికి చెప్పిందీ, చెప్పాలనుకుని మరిచిపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ అమ్మాయి పక్షాన ఉన్న సంగతి చెప్పాలి: పసి కుక్కపిల్లకి పగలంతా ఇంట్లో ఓ మనిషి కావాలి. కుక్కపిల్లని ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి వేరు చేయకూడదు. అంతకంటే చిన్నపిల్లని అమ్మడం 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలకు విరుద్ధం కూడా. తోబుట్టువులతో కలబడేటప్పుడే, ఎంత గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమంటుందో పిల్లకి తెలిసొస్తుంది. ఆ పాఠం ఎగ్గొట్టి వచ్చిన పిల్ల దాన్ని మన చేతుల మీద నేర్చుకుంటుంది. పాలపళ్ళు 28, ఒక్కొక్కటీ సూదిలా ఉంటుంది.

ఎనిమిది వారాల పిల్లకి మూత్రాశయం చిన్నది. బిగబట్టే కండరాలకి ఇంకా పట్టు రాదు. పశువైద్యులు ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతారు: ఎన్ని నెలల వయసైతే అన్ని గంటలు, మహా అయితే ఇంకో గంట. అంటే రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకి మించి ఆపుకోలేదు. ఆటలో ఉంటే అంత కూడా కాదు. నిద్ర లేవగానే ఒకసారి, తిన్నాక ఒకసారి, ఆడి అలిశాక ఒకసారి బయటికి తీసుకెళ్ళాలి. తిన్నాక ఎందుకంటే, పొట్టలోకి తిండి దిగగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది. పాలు తాగుతూ తాగుతూనే పక్క పాడుచేసే పసివాళ్ళలో పనిచేసేదీ ఈ ప్రతిచర్యే. తిన్న పావుగంటకో అరగంటకో పిల్ల నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలెట్టిందా, మన చేతిలో ఇక పది సెకన్లే ఉన్నట్టు.

ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి ఆ పది సెకన్లు ఎలాగూ దొరకవు. ఇంట్లో ఉండేవాళ్ళకి దొరకాలి. కానీ తొమ్మిదిన్నరకి స్టాండప్ కాల్, కెమెరా ఆన్, మేనేజరు నీ పేరే పిలిచాడు, సరిగ్గా అప్పుడే పిల్ల తిరగడం మొదలెట్టింది. నువ్వుండేది ఏడో అంతస్తు, లిఫ్టు మూడులో ఉంది. అప్పుడేం చేస్తావని అడిగాను. "మ్యూట్‌లో పెట్టి పరిగెడతాను" అంది. రోజుకి ఎనిమిది పదిసార్లు, రాత్రి ఇంకో రెండుసార్లు, ఓ రెండు నెలలపాటు. ఇంట్లో ఉన్నంత మాత్రాన చెయ్యి ఖాళీ ఉన్నట్టు కాదు. ఇంట్లోంచి పనిచేసేవాళ్ళు మొదట బోల్తాపడేది ఇక్కడే. బాల్కనీలో ఓ మూల ట్రేలో గడ్డో పాత పేపర్లో పరిచి, పిల్లని ఎప్పుడూ అక్కడికే తీసుకెళుతూ, పని అక్కడ కానిచ్చిన క్షణంలో ఓ చిన్న తాయిలం పెడితే చాలావరకు గట్టెక్కుతాం.

హాల్లో పోసేస్తే మాత్రం తిట్టి లాభం లేదు. "చూడండి, తప్పు చేశానని దానికే తెలుసు, ఎలా తల దించుకుందో" అంటారు. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఈ మాటని పరీక్షకు పెట్టింది. 14 కుక్కలు. తినొద్దని చెప్పిన బిస్కెట్‌ని వాటిలో కొన్ని తిన్నాయి, కొన్ని తినలేదు. యజమానులకు మాత్రం కొన్నిసార్లు కావాలనే తప్పు చెప్పారు. తల దించుకుని, చెవులు వెనక్కి పెట్టి, ఓరచూపు చూడడం తిన్న కుక్కల్లో ఎక్కువేమీ కనబడలేదు. యజమాని కోప్పడినప్పుడే అది ఎక్కువైంది. పాపం, ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్నవే ఇంకా ఎక్కువ ముడుచుకుపోయాయి. మనం పశ్చాత్తాపం అనుకునేది ఆ కుక్క మన ముఖం చూసి పడే భయం.

ఇక పిల్లలు రోజులో ముప్పాతిక భాగం నిద్రపోతాయి. ఇంట్లో మనిషి ఉంటే ఆ నిద్రకే ఎసరు. కాఫీకి లేచినప్పుడల్లా "బుజ్జిముండా" అని ఎత్తుకుంటాం. నిద్ర చాలని పిల్ల సాయంత్రానికి పూనకం వచ్చినట్టు పరిగెత్తుతుంది, కాళ్ళు కొరుకుతుంది. మా ఇంట్లో బూరెగాడి రౌడీతనమంతా సగం నిద్రలేమే అని తెలుసుకోవడానికి మాకు నెల పట్టింది. (పిల్ల పన్నే కదా అని రక్తం వచ్చిన గాటుని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రేబిస్‌కి వయసుతో పనిలేదు. సబ్బు పెట్టి పావుగంట ధారగా కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.)

ఇంతవరకూ ఒళ్ళు వంచితే నెట్టుకురాగల సంగతులు. ఇకమీదటివి వేళ దాటితే మళ్ళీ రానివి.

అమెరికాలోని మేన్ రాష్ట్రంలో బార్ హార్బర్ అనే ఊరుంది. అక్కడి జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు ఐదు జాతుల కుక్కల్ని ఏళ్ళ తరబడి పెంచి, 1965లో ఓ పెద్ద పుస్తకం అచ్చువేశారు. ఆ పరిశోధనల్లోదే ఒక ప్రయోగం 1961లో వెలువడింది. కుక్కపిల్లల్ని ఎత్తైన కంచె వేసిన పొలంలో తల్లితో వదిలేసి, మనిషి పొడ తెలియకుండా పెంచారు. ఒక్కో పిల్లని ఒక్కో వయసులో బయటికి తెచ్చి వారం రోజులు మనుషుల మధ్య ఉంచారు. మూడు వారాల పిల్ల మనిషి దగ్గరికి తనే వచ్చింది. ఏడు వారాలది కాసేపు జంకి, కలిసిపోయింది. పద్నాలుగు వారాల దాకా మనిషిని చూడని పిల్లలు అడవి జంతువుల్లా తయారయ్యాయి. ఎంత బుజ్జగించినా దారికి రాలేదు.

మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకు కుక్కపిల్ల మెదడు "ఇవన్నీ నా ప్రపంచంలోవే" అని చీటీలు రాసుకుంటుంది. ఆ చీటీల్లో లేనిది తర్వాత ఎదురైతే ముందు భయమే. మొక్కై వంగనిది మానై వంగదన్న సామెతకి ఇంతకంటే కచ్చితమైన వారాల లెక్క మరోచోట దొరకదేమో. మనింటికి పిల్ల వచ్చేది ఎనిమిది వారాలు నిండాక. అంటే మనకి మిగిలింది నాలుగు నుంచి ఆరు వారాలే.

ఆ కొద్ది వారాల్లోనే బయట పార్వో కాచుక్కూర్చుంటుంది. ఈ వైరస్ 1978లో ఒక్కసారిగా ప్రపంచమంతా పాకింది. మట్టిలో నెలల తరబడి చావదు. వీధికుక్కలు తిరిగే ఖాళీ స్థలంలో పిల్ల ఒక్కసారి ముక్కు పెడితే చాలు, రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. టీకా ఉంది, కానీ ఒక్క సూదితో పోదు. తల్లి జున్నుపాలతో వచ్చిన ప్రతిరక్షకాలు పిల్ల ఒంట్లో కొన్ని వారాలుంటాయి. అవి ఉన్నంతకాలం వైరస్‌ని అడ్డుకున్నట్టే టీకానీ అడ్డుకుంటాయి. ఎప్పుడు తరిగిపోతాయో ఒక్కో పిల్లకి ఒక్కో లెక్క. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తూనే ఉంటారు. మూడు నెలలు నిండాక రేబిస్‌ది.

టీకాలు పూర్తయ్యేసరికి చీటీల గడువు అయిపోతుంది. మా డాక్టరుగారు టీకాలయ్యేదాకా గడప దాటించొద్దన్నారు, మేం బుద్ధిగా విన్నాం. ఫలితం? బూరె ఈ రోజుకీ గొడుగు చూస్తే మంచం కింద దూరతాడు. అమెరికాలో జంతువుల ప్రవర్తనను చూసే పశువైద్యుల సంఘం 2008లోనే స్పష్టంగా చెప్పింది: మూడేళ్ళ లోపు కుక్కల ప్రాణాలు తీసేవాటిలో అంటురోగాల కంటే ప్రవర్తన సమస్యలదే పైచేయి. కొరుకుతుందనో, భయపడుతుందనో వదిలించుకుంటారు, లేదా చంపించేస్తారు. కాబట్టి పిల్లని నేల మీద దింపకుండా చంకన వేసుకుని తిప్పాలి. ఇస్త్రీ బండి, చెత్త ఆటో, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాడు, చేతికర్ర తాతగారు, లిఫ్టు అద్దం, పెళ్ళి బ్యాండు, ఇవన్నీ దూరం నుంచి చూపించాలి. ఇంట్లోంచి పనిచేసేవారి ఫ్లాటు ప్రశాంతంగా ఉంటుంది. తలుపులు మూసి, ఏసీ వేసుకుని, హెడ్‌ఫోన్లలో మీటింగులు. అంత నిశ్శబ్దంలో పెరిగిన పిల్లకి మొదటి దీపావళి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు తలుపు దగ్గరికి వద్దాం.

కుక్కకి మనిషితో ఉండే బంధం పసిపిల్లకి తల్లితో ఉండే బంధంలాంటిదని బుడాపెస్ట్ పరిశోధకులు 1998లో చూపించారు. పసివాళ్ళ మీద చేసే పరీక్షనే కుక్కలకు పెట్టారు. కొత్త గది, ఓ కొత్త మనిషి, మధ్యలో యజమాని బయటికెళ్ళి తిరిగొస్తాడు. యజమాని ఉన్నప్పుడు ధైర్యంగా ఆడుకున్న కుక్కలు అతను వెళ్ళగానే ఆట మానేసి తలుపు దగ్గర నిలబడ్డాయి. అంతకు ఇరవయ్యేళ్ళ ముందు, 1978లో, జాక్ పాంక్సెప్ బృందం విడిగా ఉంచిన కుక్కపిల్లలకు అతి కొద్ది మోతాదులో మార్ఫిన్ ఇచ్చి చూసింది. ఏడుపు తగ్గిపోయింది. నొప్పిని తగ్గించే మందే విరహాన్నీ తగ్గించిందంటే, ఆ రెండూ మెదడులో ఒకే దారి వాడుకుంటున్నాయన్నమాట. "రెండు రోజులు ఏడ్చి అదే ఊరుకుంటుంది" అనేవాళ్ళకి ఈ ప్రయోగం సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

మా ఆవిడ టీచరు. బడులు ముందే తెరిచారు. నేను ఇంట్లోనే ఉన్నాను కాబట్టి బూరెకి తేడా తెలియలేదు. 2022 ఫిబ్రవరిలో నన్నూ ఆఫీసుకి రమ్మన్నారు. పదిహేడు నెలల వయసు వరకు వాడు ఒక్క గంట కూడా ఒంటరిగా ఉండి ఎరగడు. మూడో రోజు సాయంత్రం కింది వాటా మామ్మగారు మెట్ల దగ్గర ఆపి, "మీ వాడు పొద్దుట్నుంచీ ఏడుస్తూనే ఉన్నాడు నాయనా" అన్నారు. నేను నమ్మలేదు. మర్నాడు పాత ఫోన్‌ని టీవీ పక్కన నిలబెట్టి రికార్డింగు నొక్కి వెళ్ళాను.

ఆ వీడియో మొదటి నిమిషమంతా వాడు తలుపు వంక చూస్తూ కూర్చున్నాడు. లేచి వెళ్ళి నా కుర్చీ వాసన చూశాడు, మళ్ళీ వచ్చాడు. నాలుగో నిమిషంలో సన్నగా కుయ్యిమన్నాడు. ఏడో నిమిషానికి మోర ఎత్తి ఊళ. పదకొండో నిమిషంలో ముందుకాళ్ళతో తలుపు గీకడం మొదలెట్టాడు. గచ్చు మీద చొంగ మడుగు కట్టింది. మెట్ల మీద ఎవరివో అడుగులు వినిపిస్తే ఓ క్షణం ఆగి, తోక ఊపి, ఆ అడుగులు పైకి వెళ్ళిపోగానే మళ్ళీ మొదలు. గిన్నెలో నేను పెట్టి వెళ్ళిన ఉడికించిన కోడిమాంసం అలాగే ఉంది. సాయంత్రం నేను లోపలికి అడుగుపెట్టిన రెండు నిమిషాల్లో ఖాళీ చేశాడు. తిండి ముట్టకపోవడమే అసలు గుర్తని పశువైద్యుడు తర్వాత చెప్పారు. పొద్దుపోక తలుపు గీకే కుక్క ముందు మాంసం తినేసి, తర్వాత గీకుతుంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. బ్రిటన్‌లో 2020లో డాగ్స్ ట్రస్ట్ అనే కుక్కల సంక్షేమ సంస్థవాళ్ళు 1,800 పైచిలుకు యజమానుల్ని లాక్‌డౌన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి అడిగారు. లాక్‌డౌన్‌కి ముందు ఏ ఇబ్బందీ లేని కుక్కల్లో దాదాపు పదింట ఒకదానికి అక్టోబరు నాటికి ఒంటరితనపు లక్షణాలు కొత్తగా వచ్చాయి. అంతకు ముందుతో పోలిస్తే ఒంటరిగా ఉండే గంటలు ఎవరి ఇంట్లో బాగా తగ్గిపోయాయో అక్కడే ముప్పు ఎక్కువ. అంటే ఒంటరిగా ఉండడం ఎప్పుడో నేర్చుకున్న కుక్క కూడా వాడకం తప్పితే మరిచిపోతుంది. ఎన్నడూ నేర్చుకోని పిల్ల సంగతి చెప్పేదేముంది?

బూరెని మామూలు మనిషిని, అంటే మామూలు కుక్కని, చేయడానికి ఆరు నెలలు పట్టింది. మొదట్లో వాణ్ణి పగలు మామ్మగారి దగ్గరే వదిలాం. డాక్టరు మందు కూడా రాశారు. మిగతాదంతా రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ పుణ్యం. తాళంచెవి గలగల, చెప్పులు, హెల్మెట్, లాప్‌టాప్ సంచి జిప్పు, ఇవన్నీ వాడికి, నేను వెళ్ళిపోతున్నానని గంట మోగినట్టే. అందుకని ఆదివారాలు రోజంతా తాళంచెవి తీసి జేబులో వేసుకుని సోఫాలో కూర్చునేవాణ్ణి. చెప్పులు వేసుకుని వంటింట్లోకి వెళ్ళేవాణ్ణి. ఆ చప్పుళ్ళకి అర్థం పోయాక తలుపు బయట అయిదు సెకన్లు, తర్వాత ఇరవై, తర్వాత నిమిషం. వాడు కుయ్యిమనకముందే లోపలికి రావడం ముఖ్యం. ఏడ్చాక వస్తే ఏడిస్తేనే వస్తారని నేర్చుకుంటాడు. మెట్ల మీద చెప్పులేసుకుని వాచీ చూసుకుంటూ కూర్చున్న నన్ను చూసి పై వాటావాళ్ళు ఏమనుకున్నారో మరి.

ఇదే పని పిల్లప్పుడు అయితే ఆడుతూ పాడుతూ అయిపోతుంది. కాబట్టి ఇంట్లోంచి పనిచేసేవాళ్ళు తమ ఇంట్లోనే రోజూ కొంతసేపు "లేకుండా" పోవాలి. పిల్లకి వేరే గదిలో, చిన్న గేటు వెనక, దాని పక్క, దాని బొమ్మ. బల్ల కింద కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పనిచేయడం ముచ్చటగానే ఉంటుంది. అదే అలవాటైతే బాత్‌రూమ్ తలుపు మూసినా ఓర్చుకోలేదు. జపాన్‌లో నాగసావా బృందం 2015లో తేల్చినట్టు, కుక్క మన కళ్ళలోకి చూస్తే మనలోనూ, దానిలోనూ మమకారం పెంచే ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరుగుతుంది. అందువల్ల దూరంగా ఉండాలనుకోవడం మనకే కష్టం.

మిగతావి టూకీగా. ఏడెనిమిది నెలలకి యవ్వనం వస్తుంది. బ్రిటన్‌లో 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఎనిమిది నెలల కుక్కలు అపరిచితుడు "కూర్చో" అంటే కూర్చున్నాయి, సాకినవాళ్ళు చెబితే పెడచెవిన పెట్టాయి. (పిల్లలున్నవాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు.) జాతి ఎంచుకునేటప్పుడు ప్రకటనల్ని చూడొద్దు. 2003లో మొబైల్ కంపెనీ హచ్ పగ్ ప్రకటన వచ్చాక ఊరూరా పగ్‌లు వెలిశాయి. కుక్క ఒళ్ళు చల్లబడేది ప్రధానంగా రొప్పడం వల్ల. నొక్కుకుపోయిన ఆ మూతితో మన మే నెలలో రొప్పడం వాటికి గండమే. హస్కీ గురించి చెప్పనే అక్కర్లేదు. రేపు ఆఫీసుకి వెళ్ళినా దానికోసం ఏసీ నడుస్తూనే ఉండాలి. తిండి సంగతి మనం భయపడేంత ఏమీ లేదు. పిండిపదార్థాన్ని అరిగించుకునే జన్యువు కుక్కల్లో తోడేళ్ళలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులుగా ఉందని 2013లో తేలింది. అన్నం పెడితే అపచారం కాదు, అన్నమొక్కటే పెడితే పోషణ చాలదు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, పాయసంలోని ఎండుద్రాక్ష మాత్రం దాని నోటికి అందకూడదు.

అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది. ఇంటి ఓనరు మనసు సంగతి వేరు. కుక్క పది పన్నెండేళ్ళు బతుకుతుంది. మా తమ్ముడి కూతురికి ఇప్పుడు 26. ఈ పన్నెండేళ్ళలో పెళ్ళి, ఇల్లు మారడం, ఆన్‌సైట్ అన్నీ ఉన్నాయి. 2023 చివరికల్లా పెద్ద ఐటీ సంస్థలే ఉద్యోగుల్ని తిరిగి ఆఫీసుకి పిలిచాయి. వర్క్ ఫ్రమ్ హోమ్ కంపెనీ ఇచ్చిన వెసులుబాటు, ఒక్క ఈమెయిల్‌తో పోతుంది.

అందుకే తనకో పరీక్ష పెట్టాను. పది రోజులు, పగలు రెండు గంటలకోసారి, రాత్రి రెండుసార్లు అలారం పెట్టుకో. మోగగానే, ఏ కాల్‌లో ఉన్నా, ఏడంతస్తులు దిగి కింద పదినిమిషాలు నిలబడి రా. నాలుగో రోజు రాత్రి ఫోన్ చేసింది. "పెదనాన్నా, పిల్ల నా వల్ల కాదు. పెద్దదాన్ని తెచ్చుకుంటే?" అంది. నా తీర్పూ అదే. ఒంటరిగా పనిచేసుకునే మనిషికి రెండు మూడేళ్ళ నాటుకుక్క నయం. దాని స్వభావం అప్పటికే తెలిసిపోయి ఉంటుంది, ఆపుకోవడం వచ్చు, మన ఎండలకి పుట్టిన ఒళ్ళు. హైదరాబాద్‌లో 1992 నుంచీ ఉన్న బ్లూ క్రాస్ లాంటి జంతు సంరక్షణ కేంద్రాల్లో అలాంటివి ఇంటి కోసం ఎదురుచూస్తున్నాయి. వచ్చే శనివారం చూడ్డానికి వెళుతోంది.

లేదు, పిల్లనే తెచ్చుకుంటాం అనేవారుంటే, వద్దనను. ఒక్కటి మాత్రం చేయండి. వచ్చిన మొదటి వారంలోనే, పొట్ట నిండి కళ్ళు మూతలు పడుతున్న వేళ చూసి, చప్పుడు చేయకుండా లేచి పక్కగదిలోకి వెళ్ళండి. నిమిషం ఆగి తిరిగి రండి. ఎత్తుకోకండి, పలకరించకండి, వచ్చి మీ పని చూసుకోండి. మర్నాడు రెండు నిమిషాలు.